కొత్త కిడ్నీ వచ్చాక పంపరపనస తినొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – మా వైద్య బృందం జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడొంతులు కిడ్నీల గురించే. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాం. వరదల కాలం కాబట్టి లంకల నుంచి వచ్చిన ప్రశ్నకి ఎక్కువ చోటిచ్చాం. మందుల మోతాదు మార్చుకోవాల్సి వస్తే మీ డాక్టరుని అడిగే మార్చుకోండి, ఈ పేజీ చూసి కాదు.

"మా ఆయనకి 48 ఏళ్లండి. పదిహేనేళ్లుగా షుగరు. క్రియాటినిన్ 5.8 వచ్చింది. డయాలసిస్ ఇంకా మొదలవలేదు గానీ చేతికి ఫిస్టులా వేయించుకోమన్నారు. 'డయాలసిస్సే లేనప్పుడు చెయ్యి కోయించుకోవడం ఎందుకూ' అంటున్నారు మా అత్తగారు. ఒంట్లో వేడి తగ్గుతుందని రోజూ రెండు బొండాలు తాగిస్తున్నారు. మా తోటలో కాసినవే. మంచిదేనా అండీ?" – గృహిణి, అంబాజీపేట

ముందు బొండాలు ఆపించండి, ఈ పూట నుంచే. అంబాజీపేటలో ఉండి బొండం వద్దనడం ఎంత కష్టమో తెలియక కాదు. కొబ్బరి నీళ్లలో ప్రతి 100 మిల్లీలీటర్లకి దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. 300 మిల్లీలీటర్ల నీళ్లున్న బొండాలు రెండు తాగితే 1500 దాకా లోపలికి పోయినట్టే. ఈ దశలో ఉన్నవాళ్లకి అన్నం, కూర, పాలు, పండు అన్నీ కలిపి రోజుకి 2000 దాటకూడదని చెబుతుంటారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం. మీ ఆయన వయసుకి అది 5.8 అంటే కిడ్నీల పని సుమారు 11 శాతానికి దిగిపోయిందని లెక్క. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలోనే నిలిచిపోతుంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6.5 దాటితే గుండె లయ తప్పుతుంది. చాలామందికి ముందు నొప్పీ ఉండదు, ఆయాసమూ ఉండదు. కాళ్లు కాస్త బరువెక్కినట్టుంటాయి, అంతే. తర్వాత గుండె ఆగుతుంది.

బొండం ఒక్కటే కాదు. అరటిపండు, చిలగడదుంప, చింతపండు పులుసు, బెల్లం, మనవాళ్లు లొట్టలేసుకుంటూ తినే కంద బచ్చలి కూర, అన్నిట్లోనూ పొటాషియం ఉంది. కూరగాయలు పూర్తిగా మానక్కర్లేదు. తొక్క తీసి, పల్చగా తరిగి, పదింతలు గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి, ఐదింతల నీళ్లలో ఉడికించి వార్చేయండి. పొటాషియం చాలా వరకు నీళ్లతో పోతుంది. రుచీ కొంత పోతుంది, తప్పదు. ఇంకో సంగతి. ఉప్పు తగ్గించమన్నారని 'లో సోడియం' ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చేవాళ్లున్నారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. మామూలు ఉప్పు తగ్గించి వాడుకోవడమే మేలు.

ఇక ఫిస్టులా. మీ అత్తగారి అనుమానం సహజమే గానీ, ఇది ముందు వేయించుకుంటేనే పనికొస్తుంది. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుడతారు. చెయ్యి మాత్రమే మొద్దుబారేలా మత్తిస్తారు, గంట, గంటన్నర పని. ధమని ఒత్తిడికి ఆ సిర మెల్లగా ఉబ్బి, గోడ దళసరెక్కాలి. అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, షుగరున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువే. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, చర్మం కింద ఆరు మిల్లీమీటర్లకి మించని లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల రక్తం పారడం, ఇవి కుదిరితే సూది వేయడానికి సిద్ధమైనట్టు. ఇది లేకుండా ఒక రాత్రి ఆయాసంతో ఆస్పత్రికి పరిగెత్తితే మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది. చలిజ్వరాలు, రక్తంలో చీము, పెద్ద సిర మూసుకుపోవడం, ఇవన్నీ ఆ గొట్టంతో వచ్చే తిప్పలు.

కుడిచేతి వాటం వాళ్లకి సాధారణంగా ఎడమ చేతికి వేస్తారు. ఆ చెయ్యిని ఈ రోజు నుంచే కాపాడండి. సెలైన్ అయినా, రక్తపరీక్ష అయినా కుడిచేతి వెనకవైపు నుంచి చేయించండి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు గారికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి. ఆపరేషనయ్యాక కుట్లు మానగానే మెత్తటి రబ్బరు బంతి పిసుకుతూ ఉండాలి. పొద్దున్న లేవగానే వేళ్లు ఆనించి చూస్తే పిల్లి గురగురలాడినట్టు అదురు తెలియాలి. ఆ అదురు ఆగిందంటే రక్తం గడ్డకట్టిందన్నమాట. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే వెళ్తే దాన్ని తెరిపించే వీలుంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, బిగుతు గడియారం వద్దు, దాని మీద తల పెట్టి పడుకోవద్దు.

మీరు అడగకపోయినా రెండు మాటలు. నీరసంగా ఉన్నాడు, రక్తం ఎక్కించేద్దాం అని ఎవరైనా అంటే, రక్తం పట్టడానికిచ్చే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్, ఐరన్‌తో సరిపోతుందేమో ముందు అడగండి. ఎక్కించిన ప్రతి సీసాతోనూ పరాయి కణాల మీద యాంటీబాడీలు పుట్టే అవకాశం ఉంది. రేపు కిడ్నీ మార్చాలన్నప్పుడు అవే అడ్డుపడతాయి. హెపటైటిస్ బి టీకా కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి మామూలుకి రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు, మొదటి రోజు, ఒకటో నెల, రెండో నెల, ఆరో నెల. ఇంట్లో కిడ్నీ ఇవ్వగలిగినవాళ్లుంటే డయాలసిస్ దాకా ఆగకుండానే మార్పిడి చేయించుకోవచ్చు. ఆ దారి ఉందని మనవాళ్లలో చాలామందికి చెప్పేవాళ్లే ఉండరు.

"మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. మా తమ్ముడికి సోమ, బుధ, శుక్రవారాలు అమలాపురంలో డయాలసిస్. 2022 జులై వరదకి రెండు డయాలసిస్‌లు తప్పిపోయాయి, పడవ మీద తీసుకెళ్లేసరికి ఊపిరాడట్లేదు. మళ్లీ అలా రాకుండా ఏం చేయాలి?" – రైతు, పి.గన్నవరం మండలం

నీరు ఇంటి గుమ్మానికి వచ్చాక చేసేది తక్కువ. ధవళేశ్వరం అంకెల్ని బట్టి ముందే నడుచుకోవాలి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకి రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకి మూడోది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి హెచ్చరికలు ఇస్తారు, అవి వింటే ఇంకాస్త ముందే మేలుకోవచ్చు. మా సలహా ఇది. భద్రాచలంలో రెండో హెచ్చరిక ఎగరగానే డయాలసిస్ సెంటరుకి ఫోన్ చేసి, శుక్రవారం వంతుని గురువారానికి జరపగలరేమో అడగండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికకే తమ్ముణ్ణి అమలాపురంలోనో రావులపాలెంలోనో చుట్టాలింటికి చేర్చండి. 'పశువుల్ని గట్టు మీదికి తోలాక వెళ్దాం' అనుకుంటేనే ఆలస్యమవుతుంది. పశువుల సంగతి మీరు చూసుకోండి, ఆయన్ని ముందు పంపించేయండి.

ఒక ప్లాస్టిక్ కవరులో ఈ కాగితాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. చివరి మూడు డయాలసిస్‌ల చార్టులు, డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు ఎంతో రాసిన చీటీ, రాసిచ్చిన మందుల చీటీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి), హెచ్‌ఐవీ రిపోర్టులు. ఆ మూడు రిపోర్టులూ లేకపోతే కొత్త సెంటరు వాళ్లు మిషను మీద పెట్టడానికి ఒప్పుకోరు. ఎందుకంటే హెపటైటిస్ ఉన్నవాళ్లకి మిషను వేరు. రిపోర్టుల కోసం పరుగులు పెడుతుంటే సగం రోజు పోతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా చిక్కుకుపోయారనుకోండి. అప్పుడు మూడు రోజుల పథ్యం. రోజు మొత్తానికి నీళ్లు, టీ, మజ్జిగ అన్నీ కలిపి అర లీటరు. రెండు గ్లాసులు కొలిచి చెంబులో పోసి పక్కన పెట్టుకుని గుక్కగుక్కగా తాగాలి. అన్నం, పంచదార, అటుకులు, ఉప్పులేని రొట్టె తినొచ్చు. చేప, గుడ్డు, పప్పు మామూలు రోజుల్లో డయాలసిస్ వాళ్లకి బాగానే కావాలి, కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు. ఈ మూడు రోజులు మాత్రం సగానికి తగ్గించాలి. ఊరగాయ, ఎండుచేప ముట్టుకోకూడదు. ఉప్పు తింటే దాహం, దాహమేస్తే నీళ్లు, నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి.

సహాయ శిబిరాల్లో ఇచ్చే తిండితో ఇంకా జాగ్రత్త. అరటిపళ్లు, పులిహోర, పాల ప్యాకెట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు పంచుతారు. ఊళ్లో అందరికీ ప్రాణం పోసే ఓఆర్ఎస్ మీ తమ్ముడికి విషం, అందులో పొటాషియం కలుపుతారు. ఆశా కార్యకర్తకి ఆయన డయాలసిస్ మనిషని ముందే చెప్పి ఉంచండి. పొటాషియాన్ని పేగుల్లో పట్టుకునే పొడి పొట్లాలు ఉంటాయి, కాల్షియం పాలీస్టైరీన్ సల్ఫొనేట్ అంటారు. వానాకాలం ముందే డాక్టరుతో రాయించుకుని, రోజుకి ఎన్ని ఎలా వాడాలో అడిగి ఇంట్లో పెట్టుకోండి. వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నా, కాళ్లు లేవకపోయినా, నాడి మందగించినా ఇక ఆగకూడదు. పడవ కోసం అధికారులకి ఫోన్ చేసినప్పుడు 'ఒంట్లో బాలేదు' అనకండి, 'డయాలసిస్ మనిషి, రెండు వంతులు తప్పాయి' అనండి.

లంకల్లో ఉన్నవాళ్లకి పొట్టలో ద్రవం నింపి చేసే సీఏపీడీ మంచి దారి అని మా అభిప్రాయం. రెండు లీటర్ల సంచి, రోజుకి మూడు నాలుగు మార్పులు, ఒక్కోటి అరగంట. ఇంట్లోనే అయిపోతుంది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగి, ఆరబెట్టి, తలుపు వేసి, ఫ్యాను ఆపి, నోటికి మాస్కు కట్టుకుని గొట్టం కలపాలి. బయటికొచ్చిన ద్రవం కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు కనిపించాలి. గంజిలా మసగ్గా ఉంటే పొట్టలో ఇన్ఫెక్షను, ఆ సంచి పట్టుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నెలకి నూట ఇరవై దాకా సంచులు కావాలి, వాటికి నీరెక్కని అటక ఉండాలి. తడిసిన కవరున్న సంచిని వాడొద్దు.

"ఫాస్ఫరస్ తగ్గే మాత్రలు అన్నంతోనే వేసుకోవాలంటున్నారు. పరగడుపున వేసుకుంటే బాగా పనిచేయవా?" – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమవరం

అసలు పనిచేయవు. సెవెలమర్ గానీ కాల్షియం ఎసిటేట్ గానీ రక్తంలోకి వెళ్లి చేసేది కాదు. అన్నంలో ఉన్న ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకుని బయటికి పంపుతాయి. పట్టుకోవడానికి అక్కడ అన్నం ఉండాలిగా! రెండు ముద్దలు తిన్నాక వేసుకోండి. భోజనం చేయని పూట మాత్రా వద్దు. నల్లరంగు కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే మాంసం మానేయండి. వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా రక్తంలోకి పోతుంది.

మీ ఊరి పేరు చూశాక ఒక ముక్క రాయకుండా ఉండలేకపోతున్నాం. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికిచ్చిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా దానికి పేరు.

"నాది ఓ గ్రూపు, మా ఆవిడది బి. తను కిడ్నీ ఇస్తానంటోంది. గ్రూపు కలవదు కాబట్టి కుదరదన్నారు. వేరే దారి లేదా? ఇస్తే తనకేమైనా అవుతుందా?" – తణుకు

మూడు దారులున్నాయి. ఒకటి జంటల మార్పిడి, స్వాప్ అంటారు. మీలాగే గ్రూపు కలవని ఇంకో భార్యాభర్తలతో అడ్డంగా మార్చుకోవడం. 2011లో చట్టం సవరించాక దీనికి అనుమతి వచ్చింది. ఒకరు మధ్యలో వెనక్కి తగ్గకుండా రెండు జంటల ఆపరేషన్లూ ఒకేసారి చేస్తారు. కాకపోతే ఓ గ్రూపు రోగికి ఇక్కడ కాస్త కష్టం. మీకు ఓ గ్రూపు కిడ్నీయే కావాలి. ఓ గ్రూపు దాత ఉన్న ఇంట్లోవాళ్లకి గ్రూపు అడ్డం రాదు, నేరుగా ఇచ్చేసుకుంటారు, స్వాప్ దాకా రారు. అందుకని పేరు రాయించి ఖాళీగా కూర్చోవద్దు.

రెండోది, గ్రూపు కలవకపోయినా మార్చడం. ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు యాంటీబాడీల తయారీని తగ్గించే రిటుక్సిమాబ్ మందు ఇచ్చి, ప్లాస్మా మార్పిడులు చేసి, బి గ్రూపు మీద మీ ఒంట్లో ఉన్న యాంటీబాడీలని 1:8కో అంతకంటే కిందికో దించి అప్పుడు మారుస్తారు. మొదట్లో ఆ అంకె 1:512 లాంటిదైతే దిగడం కష్టం, ఖర్చూ ఇన్ఫెక్షన్ల భయమూ పెరుగుతాయి. టైటర్ అనే ఆ అంకె మీకు ఎంతో ముందు కొలిపించుకోండి, నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది. మూడోది జీవన్‌దాన్‌లో, అంటే చనిపోయినవాళ్లిచ్చే అవయవాల్ని పంచే ప్రభుత్వ పథకంలో, పేరు నమోదు. మిగతా రెండూ ప్రయత్నిస్తూనే ఇదీ చేయించండి. గ్రూపులో పాజిటివ్, నెగటివ్ తేడా కిడ్నీకి అడ్డం కాదు.

మీ ఆవిడ సంగతి. ఆమెకి 24 గంటల మూత్రంలో ప్రోటీన్, రెండు కిడ్నీల పనిని విడివిడిగా కొలిచే డీటీపీఏ స్కాను, రక్తనాళాల సీటీ, షుగరు, బీపీ, గుండె పరీక్షలు చేస్తారు. ఎక్కువగా ఎడమ కిడ్నీయే తీస్తారు, దాని సిర పొడుగ్గా ఉంటుంది, కుట్టడం తేలిక. ల్యాప్రోస్కోపీ అయితే మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి. నెలా నెలన్నర బిందెలెత్తడం, గ్యాస్ బండ జరపడం వద్దు. ఆపరేషన్‌లో ప్రాణాపాయం పదివేల మంది దాతల్లో ముగ్గురికి. మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి రెండింటి పనిలో దాదాపు 70 శాతం చేస్తుంది. ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి, నొప్పి మాత్రలకి దూరంగా ఉండాలి.

ఒక్కటి అడుగుతాం, కోప్పడకండి. మన దేశంలో బతికుండి అవయవం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ గ్రూపు పరీక్ష చేయించుకున్నారా? తోడబుట్టినవాళ్లతో జన్యువులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. పరీక్షలప్పుడు మీ ఆవిడని డాక్టరు ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ గదిలో ఆవిడ 'వద్దు' అంటే బయటికి 'వైద్యపరంగా కుదరలేదు' అని మాత్రమే చెబుతారు. ఆ వీలు ఆవిడకి ఉంచండి.

"కిడ్నీ మార్చి మూడేళ్లు. టాక్రోలిమస్ లెవెల్ ఎప్పుడూ 6 దగ్గర ఉండేది, ఈసారి 14 వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, కాఫీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతోంది. మందు ఒక్క పూటా తప్పలేదు, ఎక్కువా వేసుకోలేదు. పెరట్లో పంపరపనస విరగకాసింది, పది రోజులుగా రోజూ తింటున్నాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?" – కొత్తపేట

ఉంది. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం పెట్టాలి, చాలామందికి ఈ అనుమానమే రాదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మీరు వేసుకునే టాక్రోలిమస్‌లో చాలా భాగం రక్తంలోకి చేరకముందే పేగు గోడలోని ఒక ఎంజైము విరగ్గొట్టేస్తుంది. ఆ నష్టం కలుపుకునే డాక్టర్లు మోతాదు రాస్తారు. పంపరపనసలో ఉండే కొన్ని పదార్థాలు ఆ ఎంజైముని చంపేస్తాయి. దాంతో అదే మాత్ర, అదే మోతాదు, రక్తంలోకి వెళ్లేది మాత్రం రెట్టింపు. ఎంజైము మళ్లీ తయారవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి 'మాత్ర పొద్దున్న, పండు మధ్యాహ్నం' అని ఎడం పెట్టినా లాభం లేదు. పుల్ల నారింజకీ ఈ గుణం ఉంది. బత్తాయి, కమలా, కూరలో పిండే నిమ్మకాయ ఫర్వాలేదు.

చేతుల వణుకు, తలనొప్పి, కొత్తగా షుగరు పెరగడం, క్రియాటినిన్ ఎక్కడం, ఇవి లెవెల్ పెరిగినప్పటి గుర్తులు. ఈ మందు మోతాదు మించితే కాపాడాల్సిన కిడ్నీనే దెబ్బతీస్తుంది. పండు ఆపి, మార్పిడి చేసిన ఆస్పత్రికి ఈ రోజే ఫోన్ చేయండి. వాళ్లు బహుశా మోతాదు తగ్గించి నాలుగైదు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయిస్తారు. మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు. పండు ఆపాక లెవెల్ దానంతటదే దిగుతుంది, మీరూ మాత్ర మానేస్తే మరీ కిందికి పడి రిజెక్షను, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం, మొదలవుతుంది.

పండు కాకుండా లెవెల్‌ని పైకీ కిందికీ లాగేవి ఇంకా ఉన్నాయి. గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్, తామరకి ఫ్లుకొనజోల్, బీపీకి డిల్టియాజెమ్ వాడితే పైకి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడితే బాగా కిందికి. విచిత్రంగా నీళ్ల విరేచనాలప్పుడు లెవెల్ పెరుగుతుంది, పేగు గోడ దెబ్బతిని ఆ ఎంజైము తగ్గిపోతుంది కాబట్టి. మందుల షాపులో 'అదే మందండీ, కంపెనీ వేరు' అని ఇంకో బ్రాండు ఇస్తే తీసుకోకండి. మార్చక తప్పకపోతే వారంలోపు లెవెల్ చూపించుకోండి. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ సూది, జ్వరానికి జెంటామైసిన్ సూది ఎవరైనా వేయబోతే చెయ్యి వెనక్కి లాక్కోండి.

మీ పరీక్షే తప్పు సమయంలో జరిగి ఉండొచ్చు కూడా. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని బస్సెక్కి వెళ్లి ఇస్తే అంకె ఊరికే ఎక్కువ వస్తుంది. పొద్దుటి మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోండి. మొదటి మూడు నెలలు సాధారణంగా 8 నుంచి 10, తర్వాత 5 నుంచి 8 ఉంచుతారు, ఆస్పత్రిని బట్టి కొంచెం తేడా.

చేలోకి దిగొచ్చా అని చివర్లో అడిగారు. దిగొచ్చు, కానీ ఒట్టి కాళ్లతో దమ్ము చేలో వద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది ముందు పట్టుకునేది కిడ్నీనే. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకోండి, కాలికి పుండుంటే అసలు దిగకండి.

"మా బావగారికి తాగుడు వల్ల లివర్ పోయింది. 70 కిలోల మనిషి. వాళ్ల అబ్బాయికి 23 ఏళ్లు, ఇస్తానంటున్నాడు, కానీ 92 కిలోలున్నాడు. ముక్క కోసిచ్చేస్తే కుర్రాడి భవిష్యత్తు ఏంటి?" – పాలకొల్లు

మార్పిడి అవసరమా అన్నది మెల్డ్ అంకె చెబుతుంది. రక్తపరీక్షల్లో వచ్చే బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్, సోడియం కలిపి 6 నుంచి 40 దాకా లెక్కగడతారు. 15 దాటితే మార్పిడితో లాభం ఎక్కువ. కొత్త లివర్ కనీసం రోగి బరువులో 0.8 శాతం ఉండాలి, అంటే మీ బావగారికి 560 గ్రాములు. కుర్రాడి లివర్లో కుడిభాగం, సుమారు 60 శాతం, తీస్తారు. అతనికి 30–35 శాతానికి తగ్గకుండా మిగలాలి. రెండు నెలల్లో ఇద్దరి లివర్లూ దాదాపు పూర్తి పరిమాణానికి పెరుగుతాయి. లివరుకే ఉన్న వరం అది, కిడ్నీకి లేదు.

92 కిలోలంటే లివరుకి కొవ్వు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. కొవ్వు పట్టిన లివర్‌ని కోస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ నష్టమే. రాత్రి బిర్యానీలూ కూల్‌డ్రింకులూ మాని, రోజూ గంట నడిచి, రెండు మూడు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గితే కొవ్వు చాలా వరకు కరుగుతుంది, మళ్లీ స్కాను తీస్తారు. కుర్రాడికి ప్రమాదం కిడ్నీ దానం కంటే ఎక్కువని దాచకుండా చెప్పాలి. కుడిభాగం ఇచ్చినవాళ్లలో మరణం వెయ్యికి రెండు నుంచి ఐదు దాకా ఉంటుందని లెక్కలు. పిత్తం కారడం లాంటి ఇబ్బందులు వేరే. మీ బావగారు ఆరు నెలలైనా తాగుడు మానారా, మానడానికి సాయం తీసుకుంటున్నారా అన్నది తేలకుండా కుర్రాణ్ణి బల్ల మీద పడుకోబెట్టడం మాకు న్యాయంగా తోచదు.

"మా నాన్నకి 67. వయసెక్కువని జీవన్‌దాన్‌లో పేరు రాయరన్నారు ఎవరో. నిజమేనా?" – మండపేట

65 దాటినవాళ్ల పేరు రాయకూడదన్న నియమాన్ని కేంద్రం 2023లో తీసేసింది. సొంత రాష్ట్రంలోనే నమోదవాలన్న షరతూ పోయింది. ఆపరేషన్‌ని గుండె తట్టుకుంటుందా అన్నదే ఇప్పుడు చూసేది.

"పంది కిడ్నీ మనుషులకి పెడుతున్నారట. మా అమ్మ దానికోసం ఆగొచ్చా?" – డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

ఆగొద్దు. 2024 మార్చిలో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో 62 ఏళ్ల మనిషికి పెట్టిన పంది కిడ్నీలో 69 జన్యు మార్పులు చేశారు. మన ఒళ్లు తిరగబడే చక్కెరలు తయారుచేసే 3 పంది జన్యువులు తీసేసి, 7 మనిషి జన్యువులు చేర్చి, పంది జన్యువుల్లో దాక్కున్న 59 వైరస్ ముక్కల్ని పనిచేయకుండా చేశారు. ఆయన రెండు నెలలు బతికారు, చావుకి కిడ్నీ కారణమని దాఖలా లేదన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఇంకొకావిడకి 130 రోజులు పనిచేసింది, రిజెక్షను రావడంతో తీసేశారు. దారి పడుతోంది గానీ ఇంకా నడిచే దారి కాలేదు. మీ అమ్మగారికి ఇప్పుడున్న దారి డయాలసిస్, జీవన్‌దాన్, ఇంట్లోవాళ్లు. చదువుకునే కుర్రాడివి కాబట్టి ఒక ముక్క. మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి.వేణుగోపాల్ పుట్టింది మీకు దగ్గర్లోనే, రాజమండ్రిలో.

"మా నాన్న నిద్రలోనే పోయారు. కిడ్నీలు, లివరు ఇద్దామని ఫోన్ చేస్తే కుదరదన్నారు. అంత మంచి మనసుతో అడిగినా ఎందుకు కాదన్నారు?" – నరసాపురం

గుండె ఆగిన తర్వాత రక్తం అందక కిడ్నీలు, లివరు అరగంట, గంటలోనే పాడవుతాయి. అవి ఇవ్వగలిగేది ఆస్పత్రిలో వెంటిలేటరు మీద ఉండి బ్రెయిన్ డెత్ అయినవాళ్లే. మెదడు కాండం చచ్చిపోయినా గుండెకి సొంతంగా కొట్టుకునే శక్తి ఉంది, మిషను గాలి అందిస్తున్నంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకి నమ్మకం కుదరదు. నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూస్తారు. కంట్లో టార్చి వేస్తే పాప కదలదు, కంటిని దూదితో తాకినా రెప్ప కొట్టదు. చివరికి ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటరు విడదీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటేదాకా చూస్తారు. అంత పెరిగినా ఛాతీ ఒక్కసారి కూడా లేవకపోతే ఇక మనిషి లేనట్టే. కోమా అలా కాదు, అందులో మెదడు బతికే ఉంటుంది. ఆ తర్వాత సమయంతో పరుగు. మంచులో పెట్టిన గుండెకి నాలుగు నుంచి ఆరు గంటలు, లివరుకి పన్నెండు దాకా, కిడ్నీకి ఒక రోజు పైన.

ఇంట్లో పోయినవాళ్లు ఇవ్వగలిగినవి కళ్లు. ఆరు గంటల్లోపు తీయాలి. శుక్లాల ఆపరేషనైనా, కళ్లద్దాలున్నా, షుగరున్నా ఫర్వాలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, కుక్కకాటు జబ్బు, ఒళ్లంతా చీము పాకి పోయినవాళ్లవి మాత్రం తీసుకోరు. శరీరం మొత్తం ఇవ్వాలంటే కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగాన్ని అడగొచ్చు, కళ్లు ఇచ్చినా శరీరం తీసుకుంటారు. ఐ బ్యాంకు వాళ్లు ఇంటికే వస్తారు, పావుగంట, ఇరవై నిమిషాల పని, ముఖం మారదు. వాళ్లు వచ్చేలోగా రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టండి. తల కింద రెండు దిళ్లు పెట్టి ఎత్తులో ఉంచండి. తల దగ్గరి ఫ్యాను ఆపేయండి, గాలికి నల్లగుడ్డు మీది పొర ఎండిపోతుంది. ఏసీ ఉంటే వేసుకోవచ్చు.